సౌభాగ్యమ్మ ఏడు చుట్లు

సోమవారం పొద్దున ఐదున్నరకు సౌభాగ్యమ్మ చెప్పులు తొడుక్కుని, కొంగు నడుముకు బిగించి, నడకకు బయల్దేరింది. నలభై నిమిషాలు నడవాలి, ఇంటికొచ్చి నీళ్లు పోసుకోవాలి, ఎనిమిదింటికల్లా బడికి పోయి నూటపది మంది పిల్లలకు పప్పు, అన్నం వండాలి. ఇదీ ఆమె ప్లాను. ఇందులో ఊరు తలదూర్చాల్సిన సంగతి ఒక్కటీ లేదు. కానీ ఒక మనిషి తన పని తాను చేసుకుంటుంటే చూసి ఊరుకోవడం రాళ్లపల్లె వాళ్లకు ఏనాడూ చేతకాలేదు.

అంతకుముందు శనివారమే మార్కాపురంలో డాక్టరమ్మ యామిని ఆమెను తూకం మీద నిలబెట్టింది. ఎనభై ఆరు కిలోలు. మోకాళ్ల ఎక్స్‌రే చూసి, "పది కిలోలు తగ్గాలమ్మా. తగ్గితే ఈ మోకాళ్లే ఇంకో ఇరవై ఏళ్లు మోస్తాయి. లేదంటే ఆపరేషన్ తప్పదు" అంది. ఆపరేషన్ అంటే మూడు నెలలు మంచం. మంచాన పడితే బడిలో పొయ్యి ఇంకొకరి చేతికి పోతుంది. పదహారేళ్లుగా ఆ పొయ్యి సౌభాగ్యమ్మది. దాని ముందు నిలబడి గరిటె తిప్పుతూ అందర్నీ తిట్టే హక్కు కూడా ఆమెదే. అది పోతుందంటే ఆమెకు నిజంగా భయం వేసింది.

డాక్టరమ్మ చెప్పిన పథ్యం కూడా కష్టమైనదేం కాదు. అన్నం ఒక గుప్పెడు, కూర మూడు గుప్పెళ్లు, రోజుకో గుడ్డు, రాత్రి అన్నం బదులు రెండు జొన్నరొట్టెలు. ఆకలితో మాడకూడదు. "నెలకు రెండు కిలోలు తగ్గితే చాలు. గబగబా తగ్గితే అంతకంతా మళ్లీ పెరుగుతావు. నడిచేటప్పుడు నోట మాట రావాలి, పాట రాకూడదు. ఆ వేగం సరిపోతుంది" అని కూడా చెప్పింది.

గబగబా తగ్గడం గురించి సౌభాగ్యమ్మకు ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. నిరుడు ఎవరో ఫోన్లో చూపిస్తే తొమ్మిది రోజులు సొరకాయ రసం మీదే బతికి, పదో రోజు సాంబారు గుండిగ పక్కన కళ్లు తిరిగి పడింది. పోయిన నాలుగు కిలోలు ఆరై తిరిగొచ్చాయి. ఆ తర్వాత ఆరు నెలలు ఊరంతా ఆమెను 'జూసు సౌభాగ్యమ్మ' అని పిలిచింది. అందుకే ఈసారి మొగుడు శ్యాంసన్ చేత ఒట్టు వేయించుకుంది.

"నేను బరువు తగ్గతన్నానని ఎవురికన్నా చెప్పినావంటే ఇంట్లో నీకు సంకటి గూడా పుట్టదు."

"నేనెందుకు చెప్తా?" అన్నాడు శ్యాంసన్. ఆ మాట అతను మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే అతనితో వచ్చిన చిక్కు.

నడవడానికి ఆ ఊళ్లో చోటు దొరకడమే గగనం. దొనకొండ రోడ్డెక్కితే లారీలు, పొలం గట్లెక్కితే మోకాళ్ల నొప్పి. మిగిలిందల్లా ఎరువుల దుకాణం కోటేశ్వరరావు స్థలం చుట్టూ ఉన్న సిమెంటు రోడ్డు. నాలుగు పక్కలా నున్నగా ఉంటుంది, కుక్కలు కూడా తక్కువ. ఒక చుట్టుకు ఆరు నిమిషాలు పట్టింది. ఏడు చుట్లు తిరిగితే నలభై రెండు నిమిషాలు. రెండు నిమిషాలు ఎక్కువైతే కొంపేం మునగదని ఏడు చుట్లూ తిరిగింది. దారిలో పలకరించిన వాళ్లకు చెయ్యి ఊపిందే తప్ప నోరు విప్పలేదు. రాళ్లపల్లెలో ఒకసారి నోరు విప్పితే నడక అక్కడితో సరి.

ఇక్కడ కోటేశ్వరరావు ప్రహరీ గోడ సంగతి చెప్పాలి. పోయిన వేసవిలో కట్టిన ఆ గోడ చర్చికి పోయే సందులోకి రెండడుగులు ముందుకొచ్చింది. అప్పటి నుంచి చర్చి దాకా ఆటో పోదు, పెళ్లికారు సందు మొదట్లోనే ఆగిపోతుంది. చర్చి వాళ్లు మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ ఆయన "సర్వేయర్ని పిలుద్దాంలే" అన్నాడు. ఆ సర్వేయరు ఇంకా వస్తూనే ఉన్నాడు. ఈ దౌర్జన్యం మీద సౌభాగ్యమ్మకూ మండేది. కానీ ఆ పొద్దున ఆమె ధ్యాసంతా మోకాళ్ల మీదే ఉంది, గోడ మీద లేదు.

మంగళవారం టీ కొట్టు దగ్గర ఎవరో "అక్క కులాసానా?" అని శ్యాంసన్‌ను అడిగారు. బరువు మాట చెప్పనని ఒట్టు వేశాడు కాబట్టి అతను బాగా ఆలోచించి, "కులాసానే. అన్నం మానేసింది" అన్నాడు.

అన్నం మానేసింది. ఆ రెండు మాటలూ మధ్యాహ్నానికల్లా పాస్టరు గారి భార్య గ్రేసమ్మ చెవిన పడ్డాయి. చర్చి మనిషి అన్నం మానేసిందంటే ఆమెకు తెలిసిన అర్థం ఒకటే, ఉపవాస ప్రార్థన. ఉపవాసం అన్నాక దానికో కారణం, అంటే ప్రార్థన అంశం, ఉండి తీరాలి. అది తెలుసుకోకుండా గ్రేసమ్మకు ముద్ద దిగదు. బుధవారం నేరుగా బడి వంటగదికే వచ్చింది.

"సౌభాగ్యమ్మా, అంశం ఏంది?"

"ఏం అంశం అమ్మగారూ?"

"నా దగ్గర దాయొద్దు. అన్నం మానేసినావంట గదా. శ్యాంసనే చెప్పినాడు."

సౌభాగ్యమ్మకు ఒళ్లు భగ్గుమంది. ఒట్టు వేసి రెండు రోజులు కాలేదు, అప్పుడే కక్కేశాడు! ఇక దాచి లాభం లేదనుకుని గొంతు తగ్గించి, "మోకాళ్ల కోసమమ్మగారూ" అంది.

"మోకాళ్ల ప్రార్థన గూడానా!" గ్రేసమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఎన్నాళ్లు?"

"ఐదు నెల్లు."

"ఐదు నెల్లే! నీకుండే పట్టుదల మాకు యాడుంది తల్లీ! దానికి తోడు పొద్దున్నే ఆ నడక. మాట లేకుండా, ఏడు చుట్లు! నేను చూడలేదనుకున్నావా?"

"చూస్తే చూసినారు గానీ ఎవురికీ చెప్పొద్దు."

"అర్థమైందిలే. ఆ గోడ సంగతి దేవుడే చూసుకుంటాడు" అంది గ్రేసమ్మ. సరిగ్గా అప్పుడే పప్పు పొంగి పొయ్యి మీద పడింది. సౌభాగ్యమ్మ ఆ ఆఖరి మాట వినలేదు.

చిన్నప్పటి నుంచి చర్చికి పోయే వాళ్లెవరికైనా యెరికో కోట సంగతి తెలుసు. శత్రువుల కోట చుట్టూ జనం నోరు మెదపకుండా వారం పాటు తిరిగారు. ఏడో రోజు ఏడో చుట్టులో అందరూ ఒక్కసారిగా కేక వేస్తే గోడలు కూలాయి. అక్కడ మొదటి ఆరు రోజులూ రోజుకు ఒక్క చుట్టే. సౌభాగ్యమ్మ మొదటి రోజు నుంచే ఏడు తిరుగుతోందంటే ఆమె విశ్వాసం ఏడింతలని గ్రేసమ్మ లెక్కగట్టింది. ఎవరికీ చెప్పనని మాటిచ్చింది కాబట్టి, ఒక్కొక్కరికీ విడివిడిగా, ఎవరికీ చెప్పొద్దని చెప్పింది.

గురువారం సౌభాగ్యమ్మ వెనక ముగ్గురు ఆడవాళ్లు నడిచారు. శుక్రవారానికి పద్నాలుగు మంది అయ్యారు. ఒక్కరి నోట మాట లేదు. సౌభాగ్యమ్మ ఆగితే ఆగారు, కదిలితే కదిలారు.

"ఏందే ఇది? నా ఎనకాల మీకేం పని?" అని అరిచింది.

పద్నాలుగు మందీ పెదాల మీద వేలు పెట్టారు.

అంతే, ఆమెకు కోపం నషాళానికంటింది. నిరుడు జూసని నవ్వారు, ఈ ఏడు ఊరేగింపే తీస్తున్నారు! ముఖం ఎర్రగా చేసుకుని వేగం పెంచింది. వెనకవాళ్లూ పెంచారు. మాట రావాలన్న డాక్టరమ్మ సూత్రం గాలికి పోయింది. ఆమెకు మాట కాదు కదా, ఊపిరే ఆడలేదు. ఇంటికి వచ్చేసరికి కుడి మోకాలు సలపరించింది. గడపలోనే మొగుణ్ణి నిలదీసింది.

"ఊరంతా చాటింపు ఏసినావా?"

"బరువు మాట అనలే. నీ మీద ఒట్టు."

"మరేం అన్నావు?"

"అన్నం మానేసిందన్నా."

"రాత్రి పూట అన్నం మానేసి రొట్టె తింటుండాదని చెప్పాల గదా!"

"రొట్టె సంగతి చెప్తే బరువు సంగతి తెలిసిపోదా?" అన్నాడు శ్యాంసన్. ఇలాంటి మనిషితో ఇరవై తొమ్మిదేళ్లు కాపురం చేసిన ఆడదాని ఓర్పు గురించి ఎవరూ మాట్లాడరు. ఆమె కోపం గురించి మాత్రం అందరూ మాట్లాడతారు.

ఇక కోటేశ్వరరావు. ఈ కథంతా ఆయన చెవిన వేసింది ఆయన భార్య భారతి. ఆయన గురువారం నవ్వాడు. శుక్రవారం నవ్వలేదు. లుంగీ ఎగగట్టి గోడంతా చేత్తో తడుముకుంటూ పోతే, చర్చి వైపు వెంట్రుకవాసి పగులు కనబడింది. అది మేస్త్రీ సిమెంటు మిగుల్చుకున్న నాటి పగులే. కానీ ఆయనకు మాత్రం సోమవారం నుంచే వచ్చినట్టు తోచింది. ఆ మధ్యాహ్నం భోజనం సగంలో లేచి బడి దగ్గరికి వచ్చాడు. సౌభాగ్యమ్మ గుండిగ తోముతోంది. మోకాలి నొప్పి, పొద్దుటి ఊరేగింపు, మొగుడి తెలివి, మూడూ కలిసి ఆమె చేతిలో కొబ్బరి పీచు రాలిపోతోంది.

"అక్కా, మా చుట్టూ ఎందుకు తిరుగుతుండావు?"

"రోడ్డు నీ యబ్బ సొత్తా?"

"అట్లనలే. సంగతంతా నాకు తెలిసిపోయింది."

వీడికి కూడా బరువు సంగతి తెలిసిపోయిందన్న మాట. సౌభాగ్యమ్మ పీచు విసిరికొట్టింది. "తెలిస్తే తెలిసింది పో! నాకేం సిగ్గా? తగ్గేదాకా తిరుగుతా!"

కోటేశ్వరరావు ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఎంత తగ్గాల?"

"పది."

"పదా!" ఆయన గోడ ముందుకొచ్చింది రెండడుగులు. పదడుగులు వెనక్కి తగ్గితే బాత్‌రూము సందులో పడుతుంది. "పది శానా ఎక్కువక్కా!"

"ఎక్కువో తక్కువో నువ్వెవురు చెప్పటానికి? ఒక్కతూరి కాదులే. నెలకు రెండు."

"నెల నెలా రెండా?"

"ఆఁ. మెల్లగా తగ్గాల. ఒక్కసారి దబ్బున తగ్గితే మళ్లీ పెరుగుతాది."

గోడ దానంతటది ఎలా పెరుగుతుందో కోటేశ్వరరావుకు అర్థం కాలేదు. కానీ ఈ వ్యవహారంలో అర్థం కాని శక్తులేవో ఉన్నాయని మాత్రం గట్టిగా నమ్మకం కుదిరింది. "రెండు తగ్గితే ఊరుకుంటావా?" అని బేరం పెట్టాడు.

"నా తగ్గుడు మీద నీ బేరమేంది? నోరు మూసుకుని పో!" అని గరిటె ఎత్తింది. ఆయన వెళ్లిపోయాడు.

శనివారం నలభై మంది తిరిగారు. ఆదివారం ఊళ్లో చర్చికి వచ్చే వాళ్లంతా తెల్లారేసరికి గోడ దగ్గరున్నారు. పాస్టరు కృపాకర్ అయ్యగారు తెల్ల చొక్కాలో, చంకలో కంజరతో వచ్చారు. సౌభాగ్యమ్మ వాళ్లను చూసి వెనక్కి పోదామనుకుంది. కానీ ఈ ఊరికి భయపడి నడక మానితే మోకాళ్లకు జవాబు చెప్పేదెవరు? పళ్లు నూరుకుంటూ మొదలుపెట్టింది.

రెండో చుట్టులో అయ్యగారు పక్కకొచ్చి, "పాటెత్తుకోమ్మా" అన్నారు.

"నేను పాడకూడదు!" అని కసిరింది సౌభాగ్యమ్మ.

"నిజమే, నిజమే. ఏడో చుట్టు దాకా మౌనం" అని ఆయన కంజర మళ్లీ చంకలో పెట్టుకున్నారు.

ఏడో చుట్టు అయింది. గ్రేసమ్మ చెయ్యి ఎత్తింది. నూటముప్పై గొంతులు ఒక్కసారిగా "హల్లెలూయా!" అని అరిచాయి. సౌభాగ్యమ్మ అదిరిపడి గిర్రున వెనక్కి తిరిగింది. కుడి మోకాలు మడతపడి రోడ్డు మీదే కూలబడింది. అప్పటి దాకా అణచుకున్నదంతా బద్దలైంది.

"మీకేం పనీపాటా లేదా? తగ్గాల్సింది నేను! నేను! ఎనభై ఆరు కిలోలు! మోకాళ్లు పోతే బడిలో పొయ్యి పోతాది! మీ కాళ్లు మొక్కుతా, నన్ను నడవనీండి!"

ఆమె తన రహస్యాన్ని నడివీధిలో, గొంతు చిరిగేలా చెప్పింది. ఒక్కరూ వినలేదు. ఎందుకంటే అదే క్షణంలో గేటు తెరుచుకుని కోటేశ్వరరావు గడ్డపారతో బయటికి వచ్చాడు.

"రెండడుగులు తగ్గిస్తన్నా! పది నా వల్ల గాదు! ఎవురేమనుకున్నా సరే!" అని అరిచి, తన గోడను తానే పొడిచాడు. మేస్త్రీ పుణ్యమా అని నాలుగు పోట్లకే చర్చి వైపు గోడంతా దబదబా పడిపోయింది. దుమ్ములో జనం ఒకర్నొకరు కౌగిలించుకున్నారు. అయ్యగారు కంజర వాయించారు. సౌభాగ్యమ్మ మాత్రం మోకాలు పట్టుకుని, ఆ దుమ్ము మింగుతూ, కోపంతో ఏడ్చింది.

ఆ తర్వాత జరిగింది ఇంకా అన్యాయం. ఉపవాసం విడిపించాలని గ్రేసమ్మ కోడి బిర్యానీ పంపింది. సౌభాగ్యమ్మ వద్దంది. వద్దనగానే కబురు కోటేశ్వరరావు ఇంటికి చేరింది. గోడ పడ్డాక కూడా ఉపవాసం మానలేదంటే తరువాత ఇల్లేనని ఆయన హడలిపోయి, నేతి బొబ్బట్లతో పరుగున వచ్చాడు.

"తినక్కా. నా కళ్ల ముందర తిను."

"నాకొద్దు పో!"

"నువ్వు తినేదాకా నేను ఈడ్నుంచి కదల్ను."

ఆయన నిజంగానే కదల్లేదు. ఆయన పోవాలని నాలుగు బొబ్బట్లు తింది. మర్నాడు ఇంకో ఇంటి నుంచి పాయసం, ఆ మర్నాడు పలావు. మోకాలి బెణుకుతో పదిహేను రోజులు గడప దాటలేదు. దాటినా నడిచే చోటేది? సిమెంటు రోడ్డు నిండా ఆ గోడ రాళ్లే. గుప్పెడన్నం, మూడు గుప్పెళ్ల కూర వంక చూసే వాళ్లే లేకపోయారు. ఆ రోజుల్లో బడి పొయ్యి ముందు ఇంకొకామె నిలబడింది. ఆమె వండిన పప్పు బాగుందని శ్యాంసనే వచ్చి చెప్పాడు.

నెల తిరిగాక తూకం మీద నిలబడితే ఎనభై ఎనిమిది. డాక్టరమ్మ నవ్వలేదు, తిట్టనూ లేదు. కథంతా విని, "సిగ్గుపడి దాచావు కాబట్టే ఇంత దూరం వచ్చింది. అందరికీ చెప్పి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టు. ఐదు నెలలు కాకపోతే ఆరు" అంది. బయట వరసలో కోటేశ్వరరావు కూర్చుని ఉన్నాడు. గోడ బెంగతో ఆయన నాలుగు కిలోలు తగ్గాడట.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ సౌభాగ్యమ్మ లేచి నిలబడింది.

"అందరూ ఇనండి. నేను గోడ కోసం తిరగలే. ఉపవాసం ఉండలే. రాత్రి పూట రెండు రొట్టెలు తిన్నా. నేను లావుగా ఉండాను, మోకాళ్లు నొస్తాయి. నన్ను నేను తగ్గించుకోవాలనే తిరిగినా. అంతే!"

గ్రేసమ్మ కళ్లు ఒత్తుకుంది.

"చూసినారా! గోడ పడగొట్టిన ఘనత తనకొద్దంటుంది. ఎంత తగ్గింపు స్వభావం! తనను తాను ఎంత తగ్గించుకుందో చూడండి!"

"ఆమేన్!" అన్నారు నూటముప్పై మంది.

సౌభాగ్యమ్మ కూర్చుంది. ఇక ఈ జనానికి చెప్పేదేమీ లేదు. సోమవారం పొద్దున ఐదున్నరకు మళ్లీ చెప్పులు తొడుక్కుంది. సిమెంటు రోడ్డు మీద గోడ రాళ్లు ఇంకా తీయలేదు కాబట్టి, కోటేశ్వరరావు గోడ వెనక్కి జరిగాక ఊళ్లో చక్కగా నడవడానికి మిగిలింది ఒకే దారి, చర్చి చుట్టూ ఉన్నది. మాట వచ్చేంత, పాట రానంత వేగంతో నడిచింది. ఎవరూ వెనక రాలేదు. నాలుగో చుట్టులో అయ్యగారు పంచె సర్దుకుంటూ బయటికి వచ్చి, ముందు ఆమెను, తర్వాత చర్చి గోడలను చూశారు.

"ఏందమ్మా సౌభాగ్యమ్మా, మా వల్ల ఏమన్నా పొరపాటు జరిగిందా?"

"పన్నెండు కిలోలు తగ్గాల అయ్యగారూ" అంది ఆగకుండానే.

ఆ పొద్దు ఆయన ఆమె మాటను మొదటిసారి ఉన్నది ఉన్నట్టు నమ్మారు. ఎందుకంటే నమ్మకపోతే మిగిలేది ఇంకో అర్థమే, ఈసారి వంతు చర్చి గోడలదని. అయినా ఎందుకైనా మంచిదని, సౌభాగ్యమ్మ పన్నెండుకు పన్నెండు కిలోలూ తగ్గేదాకా చర్చికి కొత్త రంగులు వేయించకూడదని సంఘం ఆ వారమే ఏకగ్రీవంగా తీర్మానించింది.